అప్‌డేట్: బిక్కురిమాన్ స్టిక్కర్లు ఏ కాలానివో తేలింది

టోక్యోలో మా పక్కింటి పెద్దావిడ ఇచ్చిన రేకు డబ్బాలోని బిక్కురిమాన్ స్టిక్కర్లు (జపాన్‌లో లొట్టె కంపెనీ బిక్కురిమాన్ చాక్లెట్‌తో పాటు వచ్చే బొమ్మల స్టిక్కర్లు), ఒక చాక్లెట్ రేపర్ ఏ సంవత్సరానివని పోయిన నెల అడిగాను. సాయం చేసిన అందరికీ థాంక్స్.

పనిచేసిన సలహా: "ముందు రేపర్ మీద పిన్‌కోడ్ చూడండి" అన్నది. మడత విప్పితే కంపెనీ చిరునామా ముందు 3 అంకెలే ఉన్నాయి. జపాన్‌లో 7 అంకెలు వచ్చింది 1998 ఫిబ్రవరిలో, కాబట్టి అంతకు ముందుదే. బార్‌కోడ్ ఉంది, అంటే 1978 తర్వాతది. ధర 30 యెన్లు.

అయితే రేపర్ వయసే స్టిక్కర్ల వయసు అనుకోవడం నా పొరపాటు. టోక్యోలోని నకానో బ్రాడ్‌వే అనే షాపింగ్ కాంప్లెక్స్‌లో పాత కార్డులమ్మే ఆయన ఒక్కోటీ తిప్పి చూశారు. చాలావరకు 1985లో మొదలైన 'దెయ్యాలు వర్సెస్ దేవదూతలు' సిరీస్‌వే. నేను ఎంతో మురిసిపోయిన 'సూపర్ జీయస్' (ఆ సిరీస్‌లోని ఒక పాత్ర) స్టిక్కర్ మాత్రం తర్వాతి రీప్రింట్. అసలుదాన్ని పక్కన పెట్టి చూపించారు, వెనక రాతలు కలవలేదు. మనసు చివుక్కుమంది.

కాగితం పసుపు రంగు, అంచుల అరుగుదల దేనికీ పనికిరాలేదు. ఎండ తగిలితే కొత్తవీ అలాగే అవుతాయట.

అమ్మడం లేదు. ఆవిడ కొడుకు చిన్నప్పుడు దాచుకున్నవి, అలాగే దాస్తాను.