రూల్స్ మారినప్పుడల్లా చూసుకోవడం ఎవరి పని? సప్లయర్ డిక్లరేషన్ ఉంటే చాలదా?

చిన్నయూనిట్: మేం పవర్ అడాప్టర్లు చేసి యూరప్ బయ్యర్‌కి పంపుతాం. కేబుల్, కనెక్టర్, కేసింగ్ అన్నీ బయట కొన్నవే. ఆర్నెల్లకోసారి బయ్యర్ నుంచి మెయిల్: 'రీచ్ క్యాండిడేట్ లిస్టు పెరిగింది, మళ్లీ సంతకం చేసి పంపండి.' రీచ్ అంటే రసాయనాల మీద యూరప్ చట్టం, ఆ లిస్టు అందులోని ప్రమాదకర పదార్థాల జాబితా. సప్లయర్ల దగ్గర డిక్లరేషన్లు, అంటే సరుకు రూల్స్ ప్రకారమే ఉందని రాసిచ్చే కాగితాలు, తీసుకుని ఫైల్లో పెడుతున్నాం. కొత్త క్వాలిటీ మేనేజరేమో అది చాలదు, రూల్స్ ట్రాక్ చేసే సాఫ్ట్‌వేర్ కొనాలంటున్నాడు. నిజంగా అవసరమా?

ఫైల్‌రాణి: చాలదండీ. డిక్లరేషన్ మీద వేసిన తేదీ వరకే దాని మాట చెల్లుతుంది. క్యాండిడేట్ లిస్టు 2008లో 15 పదార్థాలతో మొదలైంది, ఇప్పుడు రెండొందలు దాటింది. ఎలక్ట్రానిక్ సరుకులో ప్రమాదకర పదార్థాలకు పరిమితి పెట్టే ఇంకో యూరప్ చట్టం రోహ్స్‌లో మొదట ఆరు పదార్థాలే ఉండేవి. 2019 జులై 22 నుంచి థాలేట్లు అనే రసాయనాలు నాలుగు కలిశాయి. పీవీసీ కేబుల్ మెత్తగా ఉండటానికి వాడేవి అవే. నేను అంతకుముందు పనిచేసిన చోట కేబుల్‌కి 'రోహ్స్ ఓకే' అని పాత కాగితం ఉంది. కాగితం అబద్ధం కాదు, అప్పటి ఆరింటి గురించి రాసింది. సరుకు మాత్రం వెనక్కి వచ్చింది.

ఎక్సెల్‌చాలు: మేం ఎక్సెల్‌లోనే నడిపిస్తున్నాం. ఇంతవరకు ఏం కాలేదు.

లెక్కలమాస్టర్: అనవసరంగా భయపెడుతున్నారు మేడం. రీచ్ పరిమితి బరువులో 0.1 శాతం. అడాప్టర్ మొత్తం బరువులో కేబుల్ తొడుగును మెత్తబరిచే ప్లాస్టిసైజర్ ఎంత? లెక్క వేసి చూపించండి.

ఫైల్‌రాణి: మొత్తం బరువు మీద కాదు సార్. 2015 సెప్టెంబరులో యూరోపియన్ కోర్టు తేల్చేసింది: లోపలి ఒక్కో భాగాన్నీ విడిగా చూడాలి. రోహ్స్ ఇంకా కింది స్థాయికి వెళ్తుంది. రాగి తీగ వేరు, దాని మీది తొడుగు వేరు.

లెక్కలమాస్టర్: సరే, విడిగానే చూద్దాం. కానీ క్యాండిడేట్ లిస్టులో ఉందంటే నిషేధం కాదు. 0.1 దాటితే కొన్నవాడికి చెప్పాలి, 2021 జనవరి 5 నుంచి అలాంటి సరుకుల వివరాలు ఉంచే యూరప్ స్కిప్ డేటాబేస్‌లో నమోదు కావాలి. అంతే. అమ్మకూడదని ఎక్కడుంది?

ఫైల్‌రాణి: అమ్మకూడదని నేనెక్కడ అన్నాను? చెప్పాలంటే ముందు మనకు తెలియాలి కదా! కనెక్టర్‌లోని ఇత్తడి పిన్నునే తీసుకోండి. రాగి మిశ్రమంలో 4 శాతం వరకు సీసానికి రోహ్స్‌లో మినహాయింపు ఉంది కాబట్టి మూడు శాతం ఉన్నా పాస్. కానీ సీసం 2018 నుంచి క్యాండిడేట్ లిస్టులో ఉంది, కాబట్టి రీచ్ ప్రకారం చెప్పి తీరాలి. పైగా ఆ మినహాయింపులకూ గడువులుంటాయి.

లెక్కలమాస్టర్: అంటే నిషేధం కాదని ఒప్పుకున్నట్టే.

చిన్నయూనిట్: మీ 0.1 గొడవలో నా ప్రశ్న పోయింది. నా కడుపుమంట చెప్తా వినండి. ఒక కనెక్టర్‌కి కాగితం లేదని మా మేనేజర్ రెడీగా ఉన్న లాట్ ఆపేశాడు. లేటయిందని బయ్యర్ బిల్లులో కోత వేశాడు. తర్వాత ల్యాబ్‌లో టెస్ట్ చేయిస్తే క్లీన్‌గా వచ్చింది. ఆ నష్టం ఎవరిస్తారు? మీలాంటి వాళ్లకు ఫైలు నిండితే చాలు, ఆర్డరు పోయినా పర్లేదు!

ఫైల్‌రాణి: మా జీతాలూ ఆ ఆర్డర్ల నుంచే వస్తాయి. కాగితం ఎందుకు లేదో చెప్పరేం? కనెక్టర్ ఎవరు మార్చారు?

చిన్నయూనిట్: పాతది స్టాక్ లేదు. పర్చేజ్ వాళ్లు వేరే చోట పట్టుకొచ్చారు, నేను ఓకే అన్నాను. లైన్ ఖాళీగా పెట్టుకోమంటారా?

ఫైల్‌రాణి: అయితే అక్కడ రూలేమీ మారలేదు, పార్టు మారింది. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా బ్రస్సెల్స్‌లో మారింది చెప్తుంది గానీ, మీ పర్చేజ్ టేబుల్ మీద మారింది దానికెవరు చెప్తారు? పార్టు మారితే క్వాలిటీకి తెలియకుండా స్టోర్‌లోకి రాకూడదని ముందు పెట్టండి. కేబుల్ విషయంలో పంపొద్దని నేను మెయిల్ పెట్టాను. పైవాళ్లు పంపేశారు. వెనక్కి వచ్చాక అందరూ చూపించింది డిక్లరేషన్ మీద ఉన్న నా సంతకాన్ని. అందుకే ఆ ఉద్యోగం వదిలేశాను.

చిన్నయూనిట్: అంటే జీతం తీసుకునేవాడు ఓనర్ లాట్ ఆపాలంటారు. సాఫ్ట్‌వేర్ కన్నా ఇదే ఖరీదు.

టూల్‌రూమ్: అన్నా, చట్టం దృష్టిలో తయారీదారు అంటే కంపెనీ, క్వాలిటీ కుర్రాడు కాదు. సరుకు రూల్స్‌కి సరిపోతుందని చూపే టెక్నికల్ ఫైలు పదేళ్లు దాచాల్సిందీ మీరే. సంతకం మీరే పెట్టుకుంటే సగం గొడవ తీరిపోతుంది.

చిన్నయూనిట్: సరే, సంతకం నేనే పెడతా. లాట్ ఆపే అధికారం మాత్రం ఇవ్వను. అడగమనండి, నేనే నిర్ణయిస్తా.

ఫైల్‌రాణి: అలాగే కానివ్వండి. కానీ అతను 'వద్దు' అన్నది, మీరు 'పంపు' అన్నది రెండూ ఒకే కాగితం మీద ఉండాలి. దానికి ఒప్పుకుంటారా?

లెక్కలమాస్టర్: ఇంతకీ కేబుల్ తొడుగు బరువు ఎవరూ చెప్పలేదు.

చిన్నయూనిట్: రాతలో ఎందుకు మేడం, నోటిమాట చాలదా?