నెల సరుకులు డీమార్ట్‌లోనా, వీధి చివరి కొట్టులోనా?

ప్రశ్న: మా ఊళ్లో డీమార్ట్ తెరిచినప్పటి నుంచి నెల సరుకులన్నీ అక్కడే కొందామని ఇంట్లో అంటున్నారు. కానీ ఇరవై ఏళ్లుగా ఖాతా పుస్తకంలో రాసుకుని, జీతం ఆలస్యమైన నెలల్లోనూ కందిపప్పు, నూనె ఇచ్చిన వీధి చివరి కొట్టును వదిలేయడానికి నాకు మనసొప్పడం లేదు. ఎలా నిర్ణయించుకోవాలి?

జవాబు 1: 2002లో ముంబైలో మొదలైన ఆ సంస్థ చాలా దుకాణాలను సొంత స్థలాల్లో నడుపుతూ, సరఫరాదారులకు త్వరగా డబ్బు చెల్లించి తక్కువ ధరకు సరుకు తెచ్చుకుంటుంది కనుక, సబ్బులు, నూనె ప్యాకెట్లను గరిష్ఠ చిల్లర ధర కంటే తగ్గించి అమ్మగలుగుతోంది. ఆ తగ్గింపు నిజమైనదే. అయితే మూడు నెలల బిల్లులు పక్కపక్కన పెట్టి చూసుకుంటే, మాకు మిగిలినదంతా చీటీలో రాయని బిస్కెట్లకూ ప్లాస్టిక్ డబ్బాలకూ పోయిందని తేలింది. చీటీ రాసుకుని వెళ్లండి.

జవాబు 2: విడి సరుకుల సంగతి వేరు. మా కొట్టాయన మినప్పప్పును చేటలో పోసి చూపిస్తారు. పురుగు కనిపిస్తే మర్నాడైనా మారుస్తారు. పది రూపాయల ఆవాలు కూడా పొట్లం కట్టి ఇస్తారు.

జవాబు 3: నేను కొట్టు నడుపుతున్నాను. ఖాతా డబ్బు మాకు నెలాఖరుకు గానీ రాదు, హోల్‌సేల్ వారికి మాత్రం వారంలోపు కట్టాలి. అందువల్ల నగదు కొనుగోళ్లన్నీ అక్కడ చేసి, అరువుకు మాత్రమే మా దగ్గరకు వస్తే కొట్టు నిలబడదు. సబ్బులు అక్కడ కొనుక్కోండి, మేం నొచ్చుకోం; బియ్యం, పప్పులు మాత్రం మా దగ్గర నగదుకు తీసుకోండి.