మెడికేర్ కార్డు వచ్చింది, మెడికెయిడ్ ఆగిపోతుందని ఉత్తరం వచ్చింది

నమస్కారమండీ. పెళ్ళయి ఒహాయో వచ్చి ఏడాది దాటింది. మావారు ఇక్కడి పౌరులు. పక్షవాతం వచ్చి ఉద్యోగం మానేశారు. సోషల్ సెక్యూరిటీ నుంచి వచ్చే వైకల్య పింఛనుతోనే ఇల్లు గడుస్తోంది. ఇంతకాలం ఆయనకు తక్కువ ఆదాయం వారికి రాష్ట్రం నడిపే ఆరోగ్య బీమా, మెడికెయిడ్, ఉండేది. పోయిన వారం మెడికేర్, అంటే వృద్ధులకూ వైకల్యం ఉన్నవారికీ కేంద్ర ప్రభుత్వం ఇచ్చే బీమా, కార్డు వచ్చింది. ఆ వెనకే, నెలాఖరుతో మెడికెయిడ్ ఆగిపోతుందని ఉత్తరం. రెండూ ఉండకూడదా?

---

చెల్లెమ్మా, రెండూ ఉండవచ్చు. మీలాంటి ఇళ్ళకు రెండూ ఉండాలి కూడా.

మెడికెయిడ్‌లో చాలా విభాగాలున్నాయి. మీవారు ఇప్పటిదాకా ఉన్నది, బహుశా, ఒహాయో 2014లో తెచ్చిన వయోజనుల విభాగంలో. అక్కడ ఆదాయమే చూస్తారు, ఆస్తి అడగరు. కానీ అది మెడికేర్ లేనివారి కోసం. వైకల్య పింఛను 24 నెలలు అందాక మెడికేర్ వస్తుంది, అది రాగానే ఆ విభాగం నుంచి తీసేస్తారు. తీసేసే ముందు వైకల్య విభాగంలోనైనా అర్హత ఉందేమో చూడవలసిన బాధ్యత రాష్ట్రానిదే. చూశారో లేదో మీరు గట్టిగా అడగాలి. ఉత్తరంలో ఆగిపోయే తేదీ ఉంటుంది. దానికి ముందే విచారణ కోరితే తీర్పు వచ్చేదాకా పాతది కొనసాగుతుంది. ఓడిపోతే ఆ ఖర్చు తిరిగి అడిగే వీలుంది, అది కూడా తెలిసి ఉండండి.

కొత్త విభాగంలో ఆస్తి లెక్కకు వస్తుంది. ఉంటున్న ఇల్లు, ఒక కారు వదిలేస్తారు. మనవాళ్ళు రాయడం మరిచిపోయేది ఊళ్ళో వాటాకు వచ్చిన పొలం, హైదరాబాదులో ఫ్లాటు. దాచకండి. తరవాత బయటపడితే చిక్కు.

పూర్తి మెడికెయిడ్ రాకపోయినా క్యూఎంబీ అనే పథకానికి దరఖాస్తు పెట్టండి. 2026లో మెడికేర్‌లో డాక్టరు ఖర్చులు చూసే పార్ట్ బీ ప్రీమియం నెలకు 202.90 డాలర్లు, పింఛనులోంచే కోసుకుంటారు. క్యూఎంబీ వస్తే అది రాష్ట్రం కడుతుంది. డాక్టరు ఖర్చులో మెడికేర్ సాధారణంగా 80 శాతమే ఇస్తుంది కదా, మిగిలినది కూడా రోగిని అడగకూడదు. మందుల ఖర్చు తగ్గించే ఎక్స్‌ట్రా హెల్ప్ దానంతటదే వస్తుంది.

అడగకూడదు అన్నాను కానీ అడుగుతారు. మా అత్తగారి విషయంలో ఒక క్లినిక్‌లో కౌంటరు దగ్గర అమ్మాయి మెడికేర్ కార్డు మాత్రం జిరాక్సు తీసుకుని రెండోది వెనక్కి ఇచ్చేసింది. నేనూ పట్టించుకోలేదు. 186 డాలర్ల బిల్లు రెండుసార్లు వచ్చింది, మూడోసారి ఎర్ర అక్షరాలతో. క్రెడిట్ పాడవుతుందని భయపడి కట్టేశాను. నెల తరవాత మెడికేర్ పంపే సారాంశం కాగితం తీరిగ్గా చదివితే, ఆవిడ క్యూఎంబీలో ఉన్నారనీ, మేము కట్టవలసింది సున్నా అనీ అందులోనే ఉంది. ఆ కాగితం పట్టుకుని వెళ్ళి వెనక్కి తెచ్చుకున్నాను. ఆరోగ్యశ్రీలా ఒక్క కార్డు చూపిస్తే సరిపోయే ఊరు కాదిది. వెళ్ళిన ప్రతిసారీ రెండు కార్డులూ బల్ల మీద పెట్టండి. ముందు మెడికేర్, తరవాత మెడికెయిడ్ చెల్లిస్తాయి.

రెండూ కలిపిన ప్లాను, అన్నీ ఉచితం అంటూ ఫోన్లు మొదలవుతాయి. ఆ ప్లాన్లు చెడ్డవని కాదు, కానీ మీవారి న్యూరాలజిస్టు వాళ్ళ జాబితాలో ఉన్నారో లేదో చూడకుండా ఫోనులో ఊఁ అనకండి. ప్రతి రాష్ట్రంలో షిప్ అనే ఉచిత సలహా సేవ ఉంది, ముందు వాళ్ళతో మాట్లాడండి. తెలుగు దుబాసీ కావాలంటే ఏర్పాటు చేయమని అడగండి.

---

అక్కయ్య గారు అంతా చెప్పారు, ఒక్కటి కలుపుతాను. అమ్మా, ఇది మీవారి సంగతి. మీకు గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్ళు కానిదే మామూలుగా మెడికెయిడ్ రాదు. ప్రభుత్వం నడిపే బీమా అంగడి, మార్కెట్‌ప్లేస్‌లో బీమా తీసుకోవచ్చు, కానీ ఇంటి ఆదాయం పేదరిక రేఖకు దిగువన ఉంటే అయిదేళ్ళు నిండనివారికి 2026 నుంచి ప్రీమియం రాయితీ లేదు. మీవారు మెడికెయిడ్ వాడితే మీ పౌరసత్వానికి అడ్డమని ఎవరైనా భయపెడితే నమ్మకండి. పౌరసత్వ దరఖాస్తులో పబ్లిక్ ఛార్జ్, అంటే ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అనే పరీక్ష, లేదు.

---

అక్కా, బాబాయి గారూ, ఉత్తరం మళ్ళీ చూశాను. ఇంకా తొమ్మిది రోజుల గడువుంది. విచారణ కోరే కాగితం వెనక పేజీలోనే ఉంది, నేను ప్రకటన అనుకుని పక్కన పెట్టేశాను. పొలం పాసుపుస్తకం ఫోటో పంపమని మామగారికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను.