గానుగ నూనె పేజీ చూసి పోతాండారు, ఆర్డర్ మాత్రం పెట్టడం లేదు

గానుగ_అనంతపురం:
అన్నలూ అక్కలూ నమస్తే. మాది అనంతపురం, చిన్న చెక్క గానుగ ఉండాది, శెనక్కాయ నూనె ఆడిస్తాం. షాపుకాడికి వచ్చేవాళ్ళు బాగానే కొంటారు, బెంగళూరు హైదరాబాద్‌లో ఉండే మనోళ్ళ కోసం ఒక వెబ్‌సైట్ పెట్టించినాం. ఇన్‌స్టాలో యాడ్ వేస్తే జనం వస్తాండారు, రెండు సార్లు కిందికి లాగి చూసి వెళ్ళిపోతాండారు. పైన పెద్దగా "ప్రకృతి ఒడిలోంచి మీ వంటింటికి స్వచ్ఛమైన ఆరోగ్యం" అని, దాని కింద గానుగ ఫొటో, తర్వాత మా తాత కాలం నాటి కథ, కొలెస్ట్రాల్ లేదు గుండెకు మంచిది అని పాయింట్లు, అన్నిటికంటే కింద రేటు, లీటరు 380. ఆఫర్ అయిపోతాదని టైమర్ కూడా పెట్టినాడు సైట్ చేసిన పిల్లోడు. డెలివరీ చార్జీ పేమెంట్ కాడ కలుస్తాది. లింక్ కింద పెట్టినా, యాడ తేడా కొడ్తాందో చెప్పండి, మొహమాటం వద్దు.

కర్నూలోడు:
వద్దన్నావు కాబట్టి చెప్తా. ఆ హెడ్డింగ్ తీసేయ్ తమ్ముడూ. అది సబ్బుకి పెట్టినా నడుస్తాది, తేనెకి పెట్టినా నడుస్తాది, నువ్వు అమ్మేది శెనక్కాయ నూనె అని అందులో యాడా లేదు. "అనంతపురం శెనక్కాయలు, చెక్క గానుగ, 1 లీటరు 380" అని పెట్టు, చాలు. కవిత్వం తర్వాత.

ఇంకోటి, షాపులో నిన్ను జనం ఏం అడుగుతారో ఒక వారం రాసిపెట్టుకో. వేపుడు చేస్తే పొంగుతుందా, అడుగున మడ్డి ఎందుకుంది, ఎన్ని నెలలు ఆగుతాది, పార్శిల్‌లో కారితే ఎవరిది బాధ్యత, ఇవే కదా అడిగేది. నువ్వు నోటితో ఏం చెప్తావో అదే, అట్లే, పేజీలో ఎక్కించు. తాత కథ నాకైతే నచ్చింది గానీ దాన్ని కిందికి పంపు, కొనాలా వద్దా అని ఊగులాడేవాడికి ముందు ఈ జవాబులు కావాల. రేటు పక్కనే లీటరు నూనెకి సుమారు రెండున్నర కిలోల శెనక్కాయ పప్పు పడుతుందని ఒక లైను రాయి, రిఫైన్డ్ ప్యాకెట్ రేటుతో పోల్చుకునేవాడు అక్కడే ఆగి ఆలోచిస్తాడు.

కడప_పేజీలు:
నేను డిజైన్ పని చేస్తాను, ఫోన్లో తెరిచి చూసినా. గానుగ ఫొటో 6 ఎంబీ ఉంది సామీ! అది వచ్చేలోపు మనిషి రీల్స్‌కి పోయుంటాడు. గూగుల్ లెక్కలో పేజీలో అన్నిటికంటే పెద్ద భాగం 2.5 సెకండ్లలోపు కనపడితే బాగున్నట్టు, పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ సైట్‌లో నీ లింక్ వేసి చూస్తే నీది ఎంతో తెలుస్తాది. ఫొటోని వెబ్‌పి అనే తేలిక ఫార్మాట్‌లోకి మార్చి సైజు తగ్గించమను. పాయింట్లన్నీ పోస్టర్ బొమ్మలో రాసినారు, ఫోన్లో కండ్లు పొడుచుకున్నా కనపడవు, మామూలు అక్షరాలుగా టైప్ చేయించు. లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి సరిపోయేదే ఉంచేసినారు, అందుకే "స్వచ్ఛమైన"లో ఒత్తు కింది లైనుకి తగులుతాంది, తెలుగుకి అక్షరం సైజుకి 1.6 రెట్ల దాకా పెంచాల. బటన్ మీద "సబ్మిట్" ఏంది, ఏమన్నా అప్లికేషనా? "1 లీటరు ఆర్డర్ పెట్టండి" అని రాసి స్క్రీన్ అడుగున ఎప్పుడూ కనపడేట్టు పెట్టించు.

లైసెన్స్_మామ:
వీళ్ళిద్దరూ అందం గురించి చెప్పినారు, నేను తలనొప్పి గురించి చెప్తా. ఆ టైమర్ రీఫ్రెష్ కొడితే మళ్ళా మొదటినుంచి తిరుగుతాంది. లేని తొందర చూపించడం, చార్జీలు చివర్లో బయటపెట్టడం, ఈ రెండూ 2023 నవంబరులో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (అంటే కొనేవాళ్ళని మాయచేసే వెబ్‌సైట్ ఎత్తులు) మార్గదర్శకాల్లో ఉన్నాయి. మొత్తం 13 రకాలు చెప్పినారు, నీ ఒక్క పేజీలోనే రెండున్నాయి. కొలెస్ట్రాల్ పాయింట్ కూడా తీసెయ్, మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ అది ఉండదు, రిఫైన్డ్‌లో కూడా ఉండదు, మరి నీ గొప్పేముంది? గుండెకు మంచిదనే మాట నూనెకి వాడితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్ళతో పేచీ. దాని బదులు 14 అంకెల లైసెన్స్ నంబర్, ఎమ్మార్పీ, నికర పరిమాణం, గానుగ అడ్రస్ కనపడేట్టు పెట్టు. ముక్కూ మొహం తెలియని షాపుకి డబ్బు పంపేవాడు ముందు చూసేది అడ్రసే.

గానుగ_అనంతపురం:
టైమర్ ఇప్పుడే తీసేయించినా మామా. డెలివరీ కలిపి పైనే రాస్తే లీటరు 450 అవుతాది, అది చూసి ఇంకా భయపడరా?

కర్నూలోడు:
కలపాకు. 380 పక్కనే "డెలివరీ 70" అని విడిగా రాయి. 5 లీటర్ల డబ్బాకి లీటరు మీద చార్జీ ఎంత తగ్గుతాదో దాని కిందనే చూపించు, మనోళ్ళు ఆ లెక్క వేసుకుంటారు. మడ్డి ఫొటో ఒకటి దగ్గరగా తీసి పెట్టు, వడకట్టి నాలుగు రోజులు తేర్చినా కొంచెం ఉంటాదని రాయి.

కడప_పేజీలు:
మడ్డి ఫొటో మాత్రం పైన పెట్టాకు అన్నా, కొత్తవాళ్ళు నూనె పాడైందనుకుంటారు. ప్రశ్నల కాడ పెడితే సరే.

కర్నూలోడు:
సీసా విప్పినాక ఫోన్ చేసి తిట్టేదానికంటే కొనకముందే చూసేది మేలు కదా. అయినా నీ పని నీకు తెలుసు, ప్రశ్నల కాడే పెట్టు, కానీ మొదటి ప్రశ్నగా.