ఆర్కిటిక్ కోర్సెయిర్‌ను నీటిలో ఉంచాలా, డ్రైడాక్‌లో నిలపాలా?

హంబర్‌తీరం: ఇంగ్లండులోని హల్ రేవుకు మిగిలిన చివరి సైడ్‌వైండర్ ట్రాలర్ (ఓడ పక్కనుంచి వల లాగే చేపల వేట ఓడ) ఈ ఆర్కిటిక్ కోర్సెయిర్. 1960లో బెవర్లీలో కట్టారు, 1999లో మ్యూజియం చేశారు. దీన్ని నార్త్ ఎండ్ షిప్‌యార్డు డ్రైడాక్‌లో, అంటే నీళ్ళు తోడేసిన ఓడల గుంటలో, నిలపాలన్న నిర్ణయాన్ని నేను అంగీకరించలేను. పోటుకు లేచి, పాటుకు దిగుతుంటేనే అది ఓడ.

ఉక్కుపని: నీటిలో ఉన్నంతకాలం అడుగురేకులను తుప్పు తింటూనే ఉంటుంది. డ్రైడాక్‌లో అయితే ఎప్పటికప్పుడు చూసి బాగుచేయవచ్చు.

హంబర్‌తీరం: 1967లో పొగమంచులో మరో ఓడ గుద్దితే బాగుపడి మళ్ళీ వేటకు వెళ్ళింది. 1976లో చేపల జలాల కోసం బ్రిటన్, ఐస్లాండ్ తగాదా పడుతున్నప్పుడు ఐస్లాండ్ గస్తీ ఓడ ఓడిన్ దీని వల తీగలు తెంచబోతే ఎదురు తిరిగి దాన్నే గుద్దింది. అంతటి ఓడను గట్టున కట్టిపడేస్తారా?

భీమిలి: ఆ గుద్దుడును గర్వంగా చెప్పేవారు, ఆ జూన్‌లో రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం తర్వాత ఐస్లాండ్ 200 మైళ్ల జలాలకు దూరమై హల్ కళాసీలు వీధిన పడ్డ సంగతి ఎందుకు చెప్పరు? ఏళ్ల తరబడి పనిచేసినవారిని తాత్కాలిక కూలీలుగా లెక్కగట్టి పరిహారం ఇవ్వలేదు. ప్రభుత్వ పథకం 2000లో గాని రాలేదు. మా నాన్నగారు విశాఖలో ట్రాలర్ కళాసీ. వల తీగలు చుట్టే వించ్ దగ్గర వైరు తెగి చెయ్యి విరిగితే, యజమాని తన పుస్తకంలో ఆయన పేరే లేదన్నాడు.

హంబర్‌తీరం: మీ నాన్నగారి కష్టం పట్ల నాకు గౌరవం ఉంది. కానీ ప్రశ్న నీటి గురించి. దయచేసి దానికి జవాబు చెప్పండి.

భీమిలి: అదే చెబుతున్నాను, వినండి. సైడ్‌వైండర్‌లో వలను ఓడ పక్కనుంచి లాగుతారు కనుక కళాసీలు తెరిచిన డెక్కు మీద, అలలు మీద పడుతుంటే, గడ్డకట్టిన వేళ్ళతో చేపల కడుపులు చీల్చేవారు. 1968 ఆరంభంలో వారాల వ్యవధిలో మూడు హల్ ట్రాలర్లు మునిగి 58 మంది పోయారు. వాటిలో సెయింట్ రోమనస్‌ను రేడియో ఆపరేటరు లేకుండానే పంపారు. హల్ కళాసీ భార్య లిలియన్ బిలోకా ముందు నిలిచి ఆడవాళ్ళు రేవులో పోరాడితే గాని భద్రతా నియమాలు మారలేదు. మీకు ఓడ పౌరుషం కనబడాలి, నాకు దాని మీద పనిచేసినవారు కనబడాలి. మన తగాదా నీటి గురించి కాదండీ.

ఉక్కుపని: ఆ డెక్కు నిలవాలన్నా రేకులు నిలవాలి కదా.

హంబర్‌తీరం: కళాసీల కథ చెప్పవద్దని నేను ఎక్కడా అనలేదు, ప్రతి గదిలోనూ చెప్పండి. అయితే ఓడిన్ నేటికీ రేక్యావిక్ రేవులో నీటి మీదే మ్యూజియంగా ఉంది. వారు చేయగలిగింది హల్ ఎందుకు చేయలేదో మీరిద్దరూ ఇంకా చెప్పలేదు.