అప్‌డేట్: 2011 షెవర్లే టాహో మూడో వరుస సీటు ఊడింది

ఇల్లు మారడానికి సామాను పట్టక, మా టాహో కారులో వెనక సీట్లు తీయబోతే కుడిది వచ్చేసింది, ఎడమది మాత్రం కదలడం లేదని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

సీటు కొక్కేన్ని వదిలించే లీవర్ కేబుల్ తెగిందేమో అన్నారు, అది బాగానే ఉంది. బిగుసుకున్నవి వదులు చేసే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టినా లాభం లేకపోయింది. పనిచేసింది ఒక్కటే: ఒకరు సీటును కిందికి అదిమి పట్టుకుంటే ఇంకొకరు లీవర్ లాగడం. మా తమ్ముడు మోకాలు పెట్టి అదిమాడు, నేను లాగాను, టక్కుమని కొక్కెం వదిలింది. చూస్తే నేలలోని కడ్డీకీ కొక్కేనికీ మధ్య పాప జడ క్లిప్పు నలిగి ఇరుక్కుని ఉంది, చుట్టూ బిస్కెట్ పొడి. వాక్యూమ్ పెట్టి శుభ్రం చేశాక ఇప్పుడు తేలిగ్గా వస్తోంది. సీటు మాత్రం బరువే, నడుం పట్టేయకుండా ఇద్దరుండి దించండి.

ఇది 2014 దాకా వచ్చిన మోడళ్లకే. 2015 నుంచి టాహోలో మూడో వరుస నేలకు సమంగా మడుచుకుంటుంది, ఇలా లీవర్ లాగితే బయటికి రాదు.

తిరిగి బిగించాక సీటును గట్టిగా పైకి లాగి చూడండి. కొక్కెం పూర్తిగా పడకపోతే అందులో పిల్లల్ని అస్సలు కూర్చోబెట్టొద్దు.