పాత బీఎస్4 లారీలో చెక్ ఇంజిన్ లైట్: కోడ్ చెరిపినా మళ్లీ మళ్లీ వెలుగుతోంది

చీమకుర్తి లారీ యజమాని:
నమస్కారమండి. నాది 2018 మోడల్ పది చక్రాల లారీ. చీమకుర్తి నుంచి కృష్ణపట్నం రేవుకు గ్రానైట్ తోలుతాము. కొంతకాలంగా చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోంది. స్కానర్ పెడితే లోపం కోడ్ ఎస్‌పీఎన్ 4364, ఎఫ్‌ఎంఐ 18 అని చూపిస్తోంది. కోడ్ చెరిపిస్తే లైటు ఆరిపోతుంది, ఖాళీ బండి ఊళ్లో తిరిగినంతకాలం రాదు కూడా. లోడుతో హైవే ఎక్కి కొంతదూరం పోయాక మళ్లీ వెలుగుతుంది. పట్టించుకోకుండా అలాగే నడిపితే బండి లాగడం తగ్గిపోతోంది. మెకానిక్ చెప్పగా వెనుక వైపు నాక్స్ సెన్సార్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేది) కొత్తది వేయించాను, మార్పు లేదు. ఇప్పుడు సైలెన్సర్ లోపల పొగను శుభ్రపరిచే క్యాటలిస్ట్ పోయిందని, సైలెన్సర్ మొత్తం మార్చాలని అంటున్నారు. అంత ఖర్చుకు దిగే ముందు ఇంకా ఏమేమి చూపించుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

నెల్లూరు డ్రైవర్:
మా వైపు కొందరు, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గడానికి పొగలోకి యూరియా ద్రవం చిమ్మే లైన్ మూసేసి, కంప్యూటర్‌కు అంతా బాగున్నట్టు చూపించే చిన్న పెట్టె ఒకటి బిగించుకుంటున్నారు. లైటు రాదు, యూరియా ఖర్చూ ఉండదు.

ఆటోనగర్ మెకానిక్:
నెల్లూరు సోదరులు చెప్పిన పెట్టె జోలికి దయచేసి పోకండి. తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. పైగా అది లోపాన్ని సరిచేయదు, కనపడకుండా చేస్తుంది, అంతే.

యజమాని గారూ, మీకు వచ్చిన కోడ్ ఫలానా భాగం పాడైందని చెప్పడం లేదు. ఇంజిన్ నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు సైలెన్సర్ దాటేసరికి తగ్గవలసినంత తగ్గడం లేదని మాత్రమే చెబుతోంది. అలా తగ్గకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా ఖరీదైనదాన్ని చివరికి వదిలిపెట్టాలి. లోడు మీదే లైటు రావడానికీ కారణం ఉంది. పొగ సుమారు 200 డిగ్రీలకు వేడెక్కితే గానీ యూరియా చిమ్మడం మొదలు కాదు, కంప్యూటర్ ఆ పరీక్ష చేసుకోవడమూ ఆ తర్వాతే. ఖాళీ బండితో ఊళ్లో తిరిగినప్పుడు ఆ వేడి అందదు కాబట్టి పరీక్షే జరగదు. లైటు రాలేదంటే లోపం పోయిందని అర్థం కాదు.

మొట్టమొదట ట్యాంకులోని డెఫ్‌ను, అంటే ఆ యూరియా ద్రవాన్ని, పరీక్షించండి. అందులో యూరియా 32.5 శాతం ఉండాలి, 31.8 నుంచి 33.2 వరకు ఉన్నా ఫరవాలేదు. డెఫ్ కోసం ప్రత్యేకంగా దొరికే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక్క చుక్క వేస్తే శాతం తెలిసిపోతుంది. ఈ పరికరానికయ్యే ఖర్చు సెన్సార్ ధరలో ఏ మూలకూ రాదు. దారిలో విడిగా అమ్మే డబ్బాల్లో నీళ్లు కలిపిన సరుకు ఉంటుంది, పొలానికి వేసే యూరియాను కరిగించి అమ్మేవారూ ఉన్నారు. 2015 నుంచి మన దేశంలో ఎరువుగా వాడే యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి కాబట్టి దాన్ని ఎంత వడకట్టినా క్యాటలిస్ట్‌కు పనికొచ్చే శుద్ధత రాదు. అసలైన డెఫ్ కూడా 35 డిగ్రీలు దాటిన రేకుల షెడ్డులో నెలల తరబడి ఉంటే చెడిపోతుంది. మన ఎండల సంగతి వేరే చెప్పాలా?

ఆ తర్వాత డెఫ్ ఇంజెక్టర్ విప్పి మొన చూడండి. తెల్లగా గట్టిపడిన పొర ఉంటే గోరువెచ్చని నీళ్లకు కరిగిపోతుంది, సువ్వతో గీకకండి. స్కానర్‌లో డోసింగ్ పరీక్ష పెట్టి, కొలత గ్లాసులో పడిన పరిమాణాన్ని మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. ఇక్కడే చాలామంది పొరబడతారు: ఇంజెక్టర్ కారుతూ యూరియా ఎక్కువైతే అమ్మోనియా మిగిలి పొగతోపాటు వెనుక సెన్సార్ దాకా వస్తుంది, దాన్ని కూడా నాక్స్ సెన్సార్ నాక్స్ కిందే లెక్కిస్తుంది. అంటే యూరియా తక్కువైనా ఎక్కువైనా వచ్చే కోడ్ ఒక్కటే కావచ్చు. సెన్సార్ మార్చినా మీకు ఫలితం కనపడకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. టర్బో నుంచి సైలెన్సర్ దాకా అతుకుల దగ్గర పొగ కారుతున్నట్టు మసి చారలు ఉన్నాయేమో కూడా చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే క్యాటలిస్ట్ మాట ఎత్తాలి. అప్పటిదాకా ఎవరినీ కోడ్ చెరపనివ్వకండి. లోపం వచ్చిన క్షణంలో పొగ వేడి, ఇంజిన్ మీద లోడు ఎంతెంత ఉన్నాయో కంప్యూటర్ దాచి ఉంచిన వివరాలు కూడా దాంతోపాటే పోతాయి.

చీమకుర్తి లారీ యజమాని:
చాలా కృతజ్ఞతలండి. మీరు చెప్పినట్టే చేయించాను. డెఫ్ 26 శాతమే చూపించింది, ఇంజెక్టర్ మొన కూడా సగం మూసుకుపోయి ఉంది. మొనను వేడినీళ్లలో నానబెట్టి కడిగించి, సీలు వేసిన కొత్త డబ్బా తెప్పించాను. ట్యాంకులో ఉన్నదానిమీదే ఇది పోసేయవచ్చా?

ఆటోనగర్ మెకానిక్:
వద్దండి, కలిస్తే శాతం మళ్లీ పడిపోతుంది. పాతదంతా కిందికి వదిలి, ట్యాంకును డీమినరలైజ్డ్ (ఖనిజాలు తీసేసిన) నీళ్లతో కడిగి, ఆ నీళ్లు పూర్తిగా కారాక, పంపు ఫిల్టర్ మార్చి కొత్తది పోయండి. మామూలు బోరు నీళ్లలోని ఖనిజాలు క్యాటలిస్ట్‌కు హాని చేస్తాయి. ఆపైన రేవుకు లోడుతో వెళ్లినప్పుడు కోడ్ యాక్టివ్ నుంచి ఇనాక్టివ్‌కు దానంతట అదే మారుతుందో లేదో చూసి ఇక్కడ రాయండి. మారకపోతే డోసింగ్ పరీక్షలో ఎన్ని మిల్లీలీటర్లు పడిందో ఆ అంకె కూడా పెట్టండి.